నాకు పాస్

నాందేడ్ స్టేషన్ బయట కాలు పెట్టిన మొదటి ఉదయమే ఆ ఊరు తనని తెలుగులో పలకరించిందనుకున్నాడు సూరిబాబు. షేర్ ఆటోల వాళ్ళు వరసగా నిలబడి "నాకా, నాకా, నాకా" అని అరుస్తున్నారు. ఎవరికి ఏం కావాలో, ఎవరిని అడుగుతున్నారో అని సంచీ కింద పెట్టి చుట్టూ చూశాడు. తరోడా నాకా అనేది ఒక పేట అనీ, తను దిగాల్సింది కూడా అక్కడేననీ, నాకా అంటే పాతకాలపు సుంకం గేటు లాంటిదనీ ఆటో ఎక్కాక తెలిసింది. ఆ ఊళ్ళో తనకి అర్థమైందనుకున్న మొదటి మాటే తప్పయింది. అప్పుడే జాగ్రత్త పడాల్సింది. పడలేదు.

రాజోలు నుంచి జనం మస్కట్ వెళ్తారు, కువైట్ వెళ్తారు. సూరిబాబు నాందేడ్ వచ్చాడు. తణుకు దగ్గర తవుడు నూనె మిల్లు లాబ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి ఇక్కడి ఎంఐడీసీ పారిశ్రామికవాడలో కొత్తగా పెట్టిన సోయా నూనె మిల్లు వాళ్ళు పిలిచి లాబ్ మొత్తం అప్పగిస్తామంటే కాదనలేకపోయాడు. మస్కట్‌లో అయితే పక్క మంచం మీద అంబాజీపేటవాడో మలికిపురంవాడో ఉంటాడు, ఇక్కడ నేనూ నా టిఫిన్ డబ్బా తప్ప ఎవరున్నారు, కాబట్టి నాదే అసలైన విదేశం అని స్నేహితులతో ఫోన్లో వాదించేవాడు. వాళ్ళకి నాందేడ్ ఎక్కడుందో తెలియదు కాబట్టి ఒప్పుకునేవాళ్ళు.

మిల్లులో అతని భాష హిందీ. అది చిన్నప్పుడు మధ్యమ పరీక్ష రాసి పాసైన హిందీ. "కృపయా నమూనా లాయియే" అని అతనంటే హమాలీలు తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. పేరులో రావు లేకపోయినా, తెలుగువాడన్నాక ఎక్కడో ఒక చోట రావు ఉండకపోతుందా అని అందరూ కలిసి అతనికి రావ్‌సాహెబ్ అని పేరు తగిలించారు. మర్యాద విషయంలో ఎవరూ లోటు చెయ్యలేదు. లోటంతా సాయంత్రం పూట టర్ఫ్ మీద జరిగేది.

టర్ఫ్ అంటే మరేం లేదు. ఇళ్ళ మధ్య ఖాళీగా పడున్న ప్లాటులో ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచి, చుట్టూ ఎత్తుగా వల కట్టి గంటకింతని అద్దెకిస్తారు. ఊళ్ళో అందరూ అందులో క్రికెట్ ఆడతారు. మిల్లు వాళ్ళు మాత్రం ఫుట్‌బాల్ ఆడతారు, ఎందుకంటే సరుకు పంపించే డిస్పాచ్ చూసుకునే నిలేశ్ కొల్హాపూర్‌లో చదువుకుని ఆ జబ్బు అంటించుకొచ్చాడు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. కొత్తగా వచ్చిన రావ్‌సాహెబ్‌ని ఎప్పుడైనా ఆడారా అని నిలేశ్ అడిగితే, కాలేజీ జట్టులో ఫార్వర్డ్‌ని అని చెప్పాడు సూరిబాబు. నిజానికి అతను ఆడిన మ్యాచ్‌ల కంటే బెంచీ మీద కూర్చున్న మ్యాచ్‌లే ఎక్కువ. అయినా కూర్చున్నది ఫార్వర్డ్ ఖాళీ అయితే ఆడటానికే కాబట్టి అది అబద్ధమని అనలేం.

ఆడటం మొదలుపెట్టి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో బంతి అతని కాలికి తగిలినవన్నీ పొరపాటున తగిలినవే. ఎవరూ, ఒక్కసారి కూడా, అతని వైపు చూసి, అతనికని బంతి ఇవ్వలేదు.

ఆ బుధవారం కూడా అంతే. ఖాళీ చోటు వెతుక్కోవడంలో సూరిబాబుకి నిజంగా ప్రజ్ఞ ఉంది. బెంచీ మీద కూర్చుని ఆట చూసినవాడికి ఖాళీలు బాగా కనిపిస్తాయి. ఎడమవైపు వల పక్కనుంచి పరిగెత్తుకెళ్ళి, అవతలి గోల్‌కి ఐదడుగుల దూరంలో, చుట్టుపక్కల పురుగు కూడా లేని చోట నిలబడి, రెండు చేతులూ ఎత్తి ఊపుతూ, "నాకు! నాకు! నాకు పాస్, నాకు పాస్!" అని అరిచాడు. బంతి శుభం దగ్గరుంది. శుభం సన్నగా, చురుగ్గా ఉండే కుర్రాడు, మిల్లులో లారీలు తూచే కాంటా అతనిదే. తలెత్తి సూరిబాబుని చూశాడు. చూడలేదనడానికి వీల్లేదు, కళ్ళలోకి చూశాడు. చూసి, సరేనన్నట్టు తలూపి, ముగ్గురి మధ్య ఇరుక్కుని ఉన్న నిలేశ్‌కి బంతి ఇచ్చాడు. దాన్ని అవతలివాళ్ళు లాక్కుపోయారు.

హిందీలో అరవచ్చు కదా అంటారేమో. పరిగెత్తేటప్పుడూ, ఆకలేసినప్పుడూ, బొటనవేలికి రాయి తగిలినప్పుడూ ఎవరికీ మధ్యమ పరీక్ష గుర్తు రాదు. పైగా గోల్ ముందు నిలబడి చేతులూపేవాడికి ఏం కావాలో ఏ భాషవాడికైనా తెలియదా? పాస్ అన్నది అందరి మాటే కదా? ఇది సూరిబాబు వాదన. వినడానికి న్యాయంగానే ఉంది.

ఆట అయ్యాక నిలేశ్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఘాబ్రూ నకా, రావ్‌సాహెబ్" అన్నాడు మెత్తగా. భయపడకండి అని. రోజూ అదే మాట అంటాడు. దేనికి భయపడొద్దంటున్నాడో సూరిబాబుకి అంతుపట్టేది కాదు. ఉద్యోగానికి ఢోకా లేదంటున్నాడా, బంతి మాత్రం అడక్కంటున్నాడా?

గది కిందే ఇందుబాయి మెస్. స్నానం చేసి దిగేసరికి నలుగురైదుగురు అప్పటికే బెంచీల మీద కూర్చుని భాకరీలనే జొన్నరొట్టెలు విరుచుకుంటున్నారు. ఇందుబాయికి అడిగి వడ్డించే అలవాటు లేదు. భాకరీల గంప చంకన పెట్టుకుని వరసలో నడుస్తూ, పళ్ళెం ఖాళీగా కనిపిస్తే పడేస్తుంది, వద్దనుకున్నవాడు వద్దని చెప్పుకోవాలి. ఆ రాత్రి శెనగపిండి పిఠ్లా అమోఘంగా కుదిరింది. సూరిబాబు రెండోది ముగించి, నోటినిండా ముద్ద ఉండగానే ఆమె దగ్గరికి రావడం చూసి, చెయ్యెత్తి, "నాకు" అన్నాడు. ఇందుబాయి ఆగింది. చేతిలో పొగలు కక్కే భాకరీ పట్టుకుని అతని ముఖంలోకి ఎంతో ఆపేక్షగా చూసింది. చూసి, దాన్ని పక్కవాడి పళ్ళెంలో వేసి వెళ్ళిపోయింది.

ఇది మొదటిసారి కాదు. సూరిబాబు నీళ్ళు తాగి లేచాడు. తిండి దగ్గర నోరు తెరిచి రెండోసారి అడగడం వాళ్ళ వంశంలోనే లేదు.

ఆ అర్ధాకలి మీదే భార్య ఫోన్ వచ్చింది. సుమంగళకి నాన్చుడు మాటలు పడవు. సోమవారం బడులు తెరుస్తున్నారు, పాప వర్ష ఐదో తరగతిలోకి వచ్చింది, ఇక్కడే పుస్తకాలు కొనాలా, టీసీ తీసుకుని అక్కడికి బయల్దేరాలా, సోమవారం పొద్దున్నకల్లా ఏదో ఒకటి చెప్పెయ్యాలంది. ఆలోచిస్తున్నానన్నాడు సూరిబాబు.

"ఇందులో ఆలోచించేదేముందండీ. మనుషులు మంచోళ్ళా కాదా, అది చెప్పండి. మంచోళ్ళయితే వస్తాం."

"బంతి ఇవ్వట్లేదు" అన్నాడు సూరిబాబు.

"ఏ బంతి?" అంది సుమంగళ.

అంతా చెప్పాడు. చెబుతుంటే తనకే చిన్నతనంగా అనిపించింది గానీ, అందులో ఉన్న బాధ చిన్నది కాదు. ఐదుగురు ఆడే ఆటలో ఐదోవాడికి బంతి ఇవ్వని ఊరు, భాష రాని ఆడమనిషికి కూరగాయల బజారులో దారి ఇస్తుందా? బళ్ళో కొత్తగా చేరిన పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంటుందా? అదీ అతని భయం. భార్యాపిల్లల్ని చూసి రెండు నెలలైంది, వాళ్ళు రావాలని అతనికి ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే రమ్మనడానికి నోరు రావడం లేదు.

శుక్రవారం పొద్దున్న మిల్లు గేటు ముందు సోయా లారీలు బారులు తీరాయి. వర్షాలు పడితే సరుకు చెమ్మగిల్లుతుందని, అప్పటిదాకా దాచుకున్న వ్యాపారులంతా ఒక్కసారిగా తెచ్చి పడేశారు. సూరిబాబు ఒక్కో లారీ ఎక్కి, గోనెలో ఇనప గొట్టం గుచ్చి, పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి గింజలు లాగాడు. అరచేతిలో పరిచి మట్టీ పుల్లా ఏరాడు. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికాడు. టక్కున రెండు బద్దలైతే ఎండిన సరుకు, పంటికి మెత్తగా తగిలితే చెమ్మ ఉన్నట్టు. లాబ్‌లోకి వెళ్ళి మీటర్‌లో పోసి చూసుకోవడం తర్వాతి సంగతి. కాంటా కిటికీలోంచి శుభం అతని దవడనే చూస్తూ కూర్చునేవాడు. సూరిబాబు దవడ ఆగి, తల అడ్డంగా ఊగిందంటే చాలు, మీటర్ మాట వినకుండానే లారీని పక్కకి పెట్టించేవాడు. వ్యాపారి ఎంత గొడవ చేసినా, రావ్‌సాహెబ్ పన్ను ఒప్పుకోలేదు అనేవాడు.

పొద్దున్న నా పంటిని నమ్మినవాడు సాయంత్రం నా కాలిని నమ్మడేం, అనుకున్నాడు సూరిబాబు. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి టీ పోసుకుని తాగుతున్నారు అప్పుడు. శుభం తన బిస్కట్లలో సగం అతని వైపు జరిపాడు. ఇలాంటి మనిషి మనసులో ఏముందో అంతుచిక్కక సూరిబాబు బిస్కట్‌ని టీలో ముంచి అక్కడే మరిచిపోయాడు.

ఆ సాయంత్రం అన్యాయం పరాకాష్ఠకి చేరింది. అవతల గోల్ కాసే గోలీ జారి పడ్డాడు. గోల్ తలుపులు తీసిన ఇల్లులా ఉంది. దాని ముందు సూరిబాబు ఒక్కడే. "నాకు! శుభం, నాకు! నాకు పాస్!" అని కీచుగొంతుతో అరిచి, చేతులు విసిరి, ఎగిరి గంతేశాడు. శుభం బంతి ఆపి అతని వైపు చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, అది స్పష్టంగా కనిపించింది. బంతిని వెనక్కి, తమ గోల్ వైపే కొట్టాడు.

గదికొచ్చి సుమంగళకి తనే ఫోన్ చేశాడు. "వద్దు. అక్కడే ఉండండి. పుస్తకాలు కొనెయ్యి" అన్నాడు.

సుమంగళ గట్టిగా నిట్టూర్చింది. ఆదివారం పత్తి జిన్నింగ్ మిల్లు వాళ్ళతో మ్యాచ్ ఉందన్నారు కదా, అదేదో కానివ్వండి, సోమవారం దాకా ఎలాగూ టీసీ ఇవ్వరు, పుస్తకాలకీ తొందర లేదు, అంది. బంతి సంగతి తేలేదాకా బ్యాగు సర్దడం ఆపనని కూడా అంది.

శనివారం మధ్యాహ్నం సూరిబాబు డిస్పాచ్ వైపు వెళ్ళాడు. నిలేశ్ నూనె డబ్బాలని ఒక్కొక్కటే వేలి కణుపుతో కొట్టి, చప్పుడు విని, లారీలోకి ఎక్కిస్తున్నాడు. నిండుగా ఉన్న డబ్బా ఒకలా మోగుతుంది, కారిపోయినది ఇంకోలా. సూరిబాబు గొంతు సవరించుకుని, తన హిందీలో, రేపటి క్రీడలో తాను పాల్గొనజాలనని విన్నవించుకున్నాడు.

నిలేశ్ చేతిలో డబ్బా కింద పెట్టాడు. ముఖం నిజంగా చిన్నబోయింది. సూరిబాబు రెండు చేతులూ పట్టుకున్నాడు. అలా అనొద్దు రావ్‌సాహెబ్ అన్నాడు, ఆ సంగతి మాకందరికీ తెలుసు, తెలిసి కూడా మీరు రోజూ వచ్చి నిలబడుతున్నారే, అది మామూలు గుండె కాదన్నాడు. ఆపైన సూరిబాబు కళ్ళలోకి చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని ఇంకో మాట అన్నాడు. "రేపు బంతి మీ దరిదాపులకి కూడా రాదు. నాదీ పూచీ."

ఇంత పచ్చిగా, ఇంత ప్రేమగా మొహాన చెప్పేవాణ్ణి సూరిబాబు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒంటికి కారం రాసినట్టయింది. అప్పటిదాకా మానేద్దామనుకున్నవాడు కాస్తా అక్కడికక్కడే మనసు మార్చుకున్నాడు. ఆడతాను, ఆడి తీరతాను, రేపు నేను అరిచే అరుపు గోదావరి అవతలి ఒడ్డుకి వినపడాలి, అప్పుడైనా ఇవ్వకపోతే నలుగురిలో వీళ్ళ పరువే పోతుంది. నాందేడ్‌లో ఉన్నదీ గోదావరే కాబట్టి ఆ మాట అనుకోవడానికి అతనికి కొంత హక్కు ఉంది.

ఆదివారం సాయంత్రానికి మబ్బు పట్టింది. జిన్నింగ్ మిల్లు వాళ్ళు దిట్టంగా ఉన్నారు. వాళ్ళ గోలీ పత్తి బేళ్ళు ఎత్తే మనిషి, రెండు చేతులూ చాస్తే గోల్‌లో చోటు మిగలడం లేదు. సూరిబాబు వాళ్ళ మామూలు గోలీకి వేలు బెణికింది. అతని బదులు మిల్లు తరఫున కుండల్‌వాడిలో సోయా కొనే దత్తుని పిలిపించారు. దత్తు విత్తనాల సంచీతో సహా దిగాడు. మిరుగు కార్తె వచ్చేసింది, రేపు పొద్దున్నే చేలో ఉండాలి, ఆఖరి బస్సు అందకపోతే మా నాయిన నన్నే విత్తేస్తాడని మరాఠీలో అందరికీ చెప్పి నవ్వించి, సంచీని గోల్ స్తంభానికి ఆనించి నిలబడ్డాడు. అందరి నవ్వూ చూసి సూరిబాబూ నవ్వాడు. ఏమన్నాడో అతనికి తెలియదు.

ఆట మొదలైంది. సూరిబాబు ముందు రోజు చేసుకున్న శపథం మరిచిపోలేదు. ఖాళీ దొరకడమే ఆలస్యం, పొట్ట లోపలినుంచి గాలి లాగి "నాకూ! నాకు పాస్! నాకూ!" అని కేక పెట్టాడు. వల అవతల డాబా మీద ఎండిన కుర్డయి వడియాలు ఎత్తుకుంటున్న ఆవిడ లేచి చూసింది. శుభం, నిలేశ్ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పాపం ఈవేళ మరీ భయపడుతున్నాడే అన్నట్టుంది ఆ చూపు. బంతిని కుడివైపుకి, అతనికి వీలైనంత దూరంగా తీసుకుపోయారు. సూరిబాబు అటు పరిగెత్తాడు. "నాకు ఇవ్వండి! నాకు! పాస్ నాకు!" వాళ్ళు బంతిని ఇటు తెచ్చారు. అతను తరుముతున్నాడు, బంతి పారిపోతోంది.

సరిగ్గా అప్పుడు వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది. మామూలు నవ్వు కాదు. దత్తు గోల్‌లో చతికిలబడి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా నవ్వుతున్నాడు. జిన్నింగ్ మిల్లు వాళ్ళు ఆ అవకాశం వదులుకోలేదు. బంతి దత్తు పక్కనుంచి నింపాదిగా దొర్లుకుంటూ లోపలికి పోయి విత్తనాల సంచీకి తగిలి ఆగింది.

సగం ఆటకి విరామం ఇచ్చారు. నిలేశ్ మండిపడుతూ వచ్చాడు. దత్తు అతన్ని చేత్తోనే ఆపి, నేరుగా సూరిబాబు దగ్గరికి నడిచాడు.

"అన్నా, నువ్వు ఆంధ్రోనివా?"

సూరిబాబు తెల్లబోయాడు. నాందేడ్ వచ్చాక ఎదురుగా మనిషి నిలబడి అన్న మొదటి తెలుగు మాట అది. "మీకు తెలుగు వచ్చాండీ?"

"మాది సరిహద్దు ఊరు, ఇంట్ల తెలుగే మాట్లాడ్తం. బడి మరాఠీల, బజారు హిందీల, అమ్మ తిట్టేది తెలుగుల. గా ముచ్చట తర్వాత. ముందు గిది చెప్పు, నువ్వు బంతి ఇయ్యిమంటున్నవా, వద్దంటున్నవా?"

"ఇమ్మనే కదండీ! మూడు వారాల్నించి గొంతు చించుకుంటున్నాను."

దత్తుకి మళ్ళీ నవ్వు పొంగింది. బలవంతాన మింగాడు. "అన్నా, నువ్వు ఉరుక్కుంట నాకు అంటవు. ఈళ్ళకు నకో అని ఇనవడుతది. నకో అంటే మరాఠీల వద్దు. నాకు పాస్ అంటివా, ఇగ పాస్ వద్దే వద్దు. మీదికెల్లి చేతులు ఊపవడ్తివి. ఎవడిస్తడు చెప్పు?"

నకో అన్న మాట సూరిబాబుకి తెలియక కాదు. ఆ ఊళ్ళో రోజుకి వందసార్లు చెవిన పడే మాట అది. కానీ నోరు తెరిచి మాటలు నేర్చిన నాటినుంచి పాలకీ, జంతికకీ, అమ్మ ఒడికీ వాడుకున్న తన నాకు, పరుగులో ఆయాసానికి దీర్ఘం పోగొట్టుకుని, చివర నోరు బార్లా తెరుచుకుని, తనకి తెలియకుండానే సరిహద్దు దాటి నకో అయిపోతోందని ఎవరు మాత్రం ఊహిస్తారు? అతను గట్టిగా అడిగేకొద్దీ గట్టిగా వద్దన్నాడు. గొంతు చించుకుని మరీ వద్దన్నాడు.

ఇందుబాయి భాకరీ గుర్తొచ్చింది. నోటినిండా ముద్దతో, చెయ్యెత్తి మరీ, నకో.

దత్తు మిగతావాళ్ళకి మరాఠీలో చెప్పాడు. శుభం రెండు చేతులతో తల పట్టుకుని గడ్డి మీద కూలబడ్డాడు. నిలేశ్ ముఖం ఎర్రబడింది. ఎలా చెప్పాలో తెలియక దత్తు చెవిలో చెప్పాడు, దత్తు దాన్ని తెలుగు చేశాడు. రావ్‌సాహెబ్‌కి బంతి అంటే భయమని వాళ్ళు మొదటిరోజే అనుకున్నారట. చిన్నప్పుడెప్పుడో గట్టిగా దెబ్బ తగిలి ఉంటుందని అనుకున్నారట. పాపం వద్దు వద్దని మొత్తుకుంటున్నాడు, మానిపించేద్దామని శుభం అంటే, నిలేశ్ ఒప్పుకోలేదట. అంత భయం పెట్టుకుని కూడా రోజూ వచ్చి గోల్ ముందే నిలబడే మనిషిని మానిపించడానికి మనమెవరం, బంతి అతని దాకా పోకుండా చూసుకుందాం అన్నాడట. మూడు వారాలుగా ఆట ఓడిపోతున్నా వాళ్ళు ఆ మాట తప్పలేదు.

సూరిబాబుకి ముందు నవ్వొచ్చింది. వీళ్ళ మీద తను భార్యకి చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చెవులు కాలాయి. పంచుకున్న బిస్కట్లూ, భుజం మీద చెయ్యీ, ఘాబ్రూ నకా, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. తనే వాటిని తలకిందులుగా పట్టుకుని చూశాడు.

రెండో సగం మొదలయ్యే ముందు నిలేశ్ అందరినీ గుండ్రంగా నిలబెట్టి కొత్త చట్టం ప్రకటించాడు. రావ్‌సాహెబ్ ఆ మాట అంటే ఇవ్వమని అర్థం. అనగానే ఇచ్చెయ్యాలి. అందరూ తలూపారు.

ఇచ్చారు. దేవుడా, ఎంత ఇచ్చారని! మూడు వారాల బాకీ అంతా తీర్చేసుకుందామన్నట్టు, సూరిబాబు నోరు తెరవడమే తరువాయి, నాలుగు వైపులనుంచీ బంతి వచ్చిపడింది. మొదటిదాన్ని కసితీరా తన్నాడు. అది వల మీదుగా ఎగిరి డాబా మీద కుర్డయిల్లో పడింది. ఆవిడ బంతితోపాటు నాలుగు మాటలు కూడా విసిరింది. రెండోది కాళ్ళ మధ్యనుంచి జారిపోయింది. మూడోదాన్ని ఆపబోయి బంతి మీదే కూర్చున్నాడు. కాలేజీలో మాస్టారు తనని బెంచీ మీద ఎందుకు కూర్చోబెట్టారో ఇన్నేళ్ళకి సూరిబాబుకి అర్థమైంది. ఆ మాస్టారి మీద ఉన్న పాత కోపం కూడా పోయింది.

అతను ఎన్ని పాడుచేసినా ఎవరూ విసుక్కోలేదు. నిలేశ్ ఎలాగో ఒక గోల్ వేసి సమం చేశాడు. ఆట ముగియబోతోంది. సూరిబాబుకి డొక్కలో పోటు పట్టేసింది. ఊపిరి అందడం లేదు. అవతలి గోల్ స్తంభం దగ్గరగా కనిపిస్తే దాన్ని పట్టుకుని నిలబడ్డాడు, ఆట కోసం కాదు, పడిపోకుండా ఉండటం కోసం. పక్కనే ఆ బేళ్ళెత్తే గోలీ కొండలా నిలబడి ఉన్నాడు. ఎదురుగా చూస్తే బంతి శుభం దగ్గరుంది. శుభం తలెత్తి అతన్నే చూస్తున్నాడు.

ఈసారి సూరిబాబు నిజంగా, మనసారా, స్వచ్ఛమైన మరాఠీలో, రెండు అరచేతులూ అడ్డంగా ఊపుతూ, "నకో! నకో! పాస్ నకో!" అని అరిచాడు.

శుభం ముఖం వెలిగిపోయింది. "ఘ్యా, రావ్‌సాహెబ్!", తీసుకోండి అని, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు.

సూరిబాబు రెండు చేతులతో ముఖం కప్పుకుని వెనక్కి తిరిగాడు. బంతి వచ్చి వీపు మధ్యలో ఫట్‌మని తగిలింది. గోలీ అప్పటికే అటువైపు దూకేశాడు. బంతి ఇటునుంచి, ఏ తొందరా లేకుండా, గోల్‌లోకి వెళ్ళిపోయింది.

తర్వాత జరిగింది సూరిబాబుకి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. శుభం మీద పడి కౌగిలించుకోవడం, నిలేశ్ అతన్ని ఎత్తబోయి ఎత్తలేకపోవడం, అవతల గోల్‌లో దత్తు మళ్ళీ చతికిలబడి ఉండటం. జరిగింది అర్థమైన మనిషి ఆ మైదానంలో దత్తు ఒక్కడే. బస్సు కోసం సంచీ భుజాన వేసుకుని పోతూ పోతూ దగ్గరికొచ్చి, "అన్నా, నిజం చెప్పు. ఆఖరికి నువ్వన్నది నాకా, నకోనా?" అని అడిగాడు.

"నాకేనండీ" అన్నాడు సూరిబాబు, వీపు రుద్దుకుంటూ.

దత్తు నమ్మలేదు. కానీ ఎవరికీ చెప్పనని మాటిచ్చి, కుండల్‌వాడి వస్తే మా ఇంట్ల తెలుగుల తిందువు రా అని పిలిచి, వాన మొదలయ్యేలోపు బస్టాండుకి పరిగెత్తాడు.

సూరిబాబు మెస్‌లో అడుగు పెట్టేసరికే కబురు ఇందుబాయికి చేరిపోయింది. ఎవరు చెప్పారో తెలియదు. ఆమె అతన్ని చూసి నోరు నొక్కుకుంది. కొత్తగా వచ్చిన సాహెబ్ పిట్ట తిండి తింటాడని, ఏం దిగులు పెట్టుకున్నాడో ఏమోనని తను ఇరుగుపొరుగుకి చెప్పుకుని బాధపడ్డానని పక్కవాడి ద్వారా హిందీలో చెప్పించింది. ఇక ఆ పూట భాకరీ పళ్ళెంలో పడుతూనే ఉంది. ఒకటి తుంచేలోపు ఇంకొకటి. పచ్చిమిరప ఠేచా ఘాటుకి కళ్ళు తుడుచుకుంటున్నాడో, ఇంకెందుకు తుడుచుకుంటున్నాడో పక్కవాళ్ళకి తెలియలేదు.

అంతలో ఫోన్ మోగింది. సుమంగళ.

"ఏమైందండీ? ఇచ్చారా బంతి?"

"వద్దన్నా ఇచ్చారు" అన్నాడు సూరిబాబు.

అవతల బ్యాగు జిప్పు లాగిన శబ్దం వినిపించింది.

"రేపు బడి తెరవగానే టీసీ తీసేసుకో. వర్షకి ఒక మాట ముందే నేర్పాలి, వచ్చాక చెప్తాను" అని ఫోన్ పెట్టేసి తలెత్తాడు. ఇందుబాయి మరో భాకరీతో ఎదురుగా నిలబడి ఉంది. కడుపులో ఇక అంగుళం చోటు లేదు. సూరిబాబు నోరు తెరవబోయాడు. ఇకమీదట ఈ ఊళ్ళో తను ఏ మాట అన్నా ఒకటేనని గుర్తొచ్చి, నోరు మూసుకుని, పళ్ళెం ముందుకి జరిపాడు.